ఉమ్మరాదు

గ్రీమ్స్ రోడ్డు ఆసుపత్రి, నాలుగో అంతస్తు.
పద్దెనిమిదో మంచం మీద నోన్‌కిషు.
ఆవులు గలది అని అర్థమట, కొడుకు కొయినెట్ చెప్పాడు.
మీది ఏ భాష అంటే "మా" అన్నాడు.
సరేలే, మీదే. పేరు చెప్పు.
పేరే "మా".

డాక్టరు ఇంగ్లీషులో అడుగుతాడు, నొప్పి ఎక్కడని.
జుమా దాన్ని స్వాహిలీలోకి ఒంపుతాడు,
కొయినెట్ మా లోకి.
ముసలమ్మ చాలాసేపు మాట్లాడుతుంది,
చేతులతో వాగులు దాటిస్తుంది.
తిరిగి డాక్టరు దాకా వచ్చేది ఒక్క ముక్క:
"ఛాతీ."
మిగతాదంతా ఎక్కడ ఒలికిందో,
నేను తుడిచే నేల మీదైతే లేదు.

వాళ్లకి కత్తికీ చాకుకీ మాట ఒకటేనట.
ముందు "ఓల్" చేరిస్తే మగది, పెద్దది, కత్తి.
"ఎంక్" చేరిస్తే ఆడది, చిన్నది, చాకు.
"మరి రేపు అమ్మ గుండె కోసేది?"
టీ చల్లారేదాకా ఆలోచించాడు.
"ఎంకాలెం."
చిన్నదే కావాలని ఇద్దరం అనుకున్నాం.

రాత్రి రెండున్నరకి దుప్పటి సర్దబోతే
"టాక్వెన్యా" అంది.
"ఇకో" అన్నాను, నాకొచ్చింది ఆ ఒక్కటే.
దొడ్డి తడిక తీసినట్టయింది.
ఆ తోపులాటలో "ఇంకిషు" పట్టుబడింది:
నీ ఆవులు బాగున్నాయా?

ఈ ఊళ్లో పదకొండేళ్లు.
జీతమెంత, అద్దెంత, ఓవర్‌టైం ఇచ్చారా,
ఇది మాత్రం ఎవరూ అడగలేదు.
తెలుగులోనే చెప్పాను, ఇంకేం చెయ్యను.
కర్రావు ఈనింది. బొల్లిది తప్పిపోయి దొరికింది.
మైల కోడె కాడికి మెడ ఇవ్వదు.
కనిగిరి సంతలో ఆఖరి జత అమ్మి
నాన్న వట్టి పలుపులు భుజానేసుకొచ్చిన సంగతి
చెప్పలేదు.
ఒక్కో రంగుకీ తల ఊపింది.

తెల్లారి స్ట్రెచర్ వచ్చింది.
తల వంచమని సైగ చేసింది, వంచాను.
అరచేతిలో తుపుక్కున ఉమ్మి
నా పాపిట మీద అద్దింది.

గోడ మీద మూడు భాషల్లో ఉంది, ఇక్కడ ఉమ్మరాదని.
తెలుగులో లేదు. మా లో అసలే లేదు.
తమిళరసి సిస్టర్ ఛీ అంటూ స్పిరిట్ దూది ఇచ్చింది.
"దీవెన..." అన్నాడు కొయినెట్ నేల చూపులతో, "మాలో అలా..."
మాలోనూ అన్నాను.
జ్వరం దిగని రాత్రుల్లో ఉప్పు దిగదుడిచి
అమ్మ మూడుసార్లు థూ అనేది.

డ్యూటీ దిగి గంట దాటింది.
ఆపరేషన్ గది ముందు బెంచీ,
కొయినెట్ ఒళ్లో ఆమె ఎర్ర శాలువా.
దూది ఇంకా నా గుప్పిట్లోనే,
పొడిగా.