మూడు నూళ్లు

హడర్స్‌ఫీల్డ్‌లో వాన మొదలై నాలుగో రోజు.
కొట్టు వెనక గదిలో ఇస్త్రీ ఆవిరికి
అద్దం మళ్లీ మసకబారింది.
మోచేత్తో తుడిచాను.
అందులో క్లిఫర్డ్ బూత్‌రాయిడ్,
డెబ్బయి నాలుగేళ్ల మనిషి,
కచ్చా కుట్ల కోటులో
చేతులెక్కడ పెట్టుకోవాలో తెలీని పెళ్లికొడుకులా.

"ఇన్నాళ్లూ వాళ్లిచ్చిందే తొడిగాను" అన్నాడు మొదటిరోజు.
ముప్పయ్యొక్క ఏళ్లు తపాలా యూనిఫారం.
"సైజంటే ఒక నంబరు. ఆ నంబరులో నేనే దూరేవాణ్ణి.
ఒక్కటి నా ఒంటికి కుట్టు తల్లీ."

బూడిదరంగు ఉన్ని, కొండ కింద మిల్లులో నేసింది.
గీస్తే సుద్ద నిలుస్తుంది,
ఆవిరి పడితే మాట వింటుంది.
కుడి భుజం కింద మాత్రం ఒక ముడత:
మెడ దగ్గర పుట్టి చంకలోకి ఏటవాలుగా,
వాననీరు దారి వెతుక్కున్నట్టు.

ప్రొద్దుటూరులో దస్తగిరి మాస్టారు అనేవాడు,
ముడత చాడీలు చెప్పదమ్మా,
వేలు చూపిస్తుంది, అంతే.
ఎటు చూపిస్తే అటు పో.

పోయాను.
టేపు పెడితే కుడి భుజం అరంగుళం కిందికి.
సంచి మోసిన వైపు కాబోలు అనుకున్నాను.
అడగలేదు. కళ్లకి కనిపిస్తుంటే అడగడమెందుకు?

దూది పొర ఒకటి లోపల పెట్టాను.
ముడత కదిలింది, పోలేదు.
రెండో పొర. ముడత మాయం.
ఈసారి కాలరు ఎడమపక్క మెడనొదిలి
నా చిటికెనవేలు దూరేంత నోరు తెరిచింది.
పెనం మీద రొట్టె పొంగులా
ఇక్కడ నొక్కితే అక్కడ లేస్తోంది.

విప్పాను.
చంక కోత పావంగుళం దించాను.
చెయ్యెత్తితే కోటంతా వెంట లేచింది.
విప్పాను.
మూడోసారి, దారం కంటే ముందు
నా నోట్లోంచి ఒక మాట తెగిపడింది, తెలుగులో.
వాన గురించి అనుకున్నాడేమో,
"అవును, వచ్చేవారం తగ్గుతుందట" అన్నాడు.

టీ ఇచ్చాను.
కప్పు కుడిచేతిలోకి తీసుకుని
మాటల్లో గోల్కార్ మెట్లెక్కాడు:
ఏ గుమ్మంలో కుక్క,
ఏ తలుపు రేకు వేళ్లు కొరుకుతుంది,
ఏ ముసలామె ఉత్తరం లేని రోజు కూడా
తలుపు తీసి నిలబడేది.
చెబుతూ చెబుతూ
ఎడమ భుజం చిన్నగా పైకెగరేశాడు.
ఓ నిమిషానికి మళ్లీ.

"సంచి ఏ భుజానికి?"
"దీనికే." ఎడమది.
"పట్టీ జారిపోయేది కదా, ఎత్తి పట్టాలి.
చేతులు ఖాళీ ఉండేవి కావు."

సంచి దించి పదమూడేళ్లు.
ఆ భుజం ఇంకా పట్టీని జారనివ్వడం లేదు.

నేను ఇన్నాళ్లూ పల్లాన్ని పూడుస్తూ కూచున్నాను.
గట్టు సంగతి చూడలేదు.

కుడివైపు ఒక పొర పీకేసి, పల్చనిది ఒకటుంచాను.
ఎడమ భుజం కుట్టు వదులు చేశాను,
మెడ దగ్గర ఏమీ లేదు, చెయ్యి దగ్గర మూడు నూళ్లు.
చంకనీ అంతే పైకి తెచ్చాను.
వెనకగుడ్డ కొంచెం ఎక్కువైతే
తడిబట్ట వేసి ఆవిరితో నచ్చజెప్పాను.
నూలంటే దారం.
నూలంటే అంగుళంలో ఎనిమిదోవంతు.
రెంటికీ ఒకే మాట ఎందుకైందో మాస్టారినడగాల్సింది.

బుధవారం వచ్చి తొడిగాడు.
ముడత లేదు. కాలరు మెడనంటుకుంది.
భుజాలు సమంగా ఉన్నాయా అంటే, లేవు.
అద్దంలో కాస్త తేడా కనిపిస్తూనే ఉంది.
ఆయన అటు చూడనే లేదు,
లోపలి జేబు లోతు వేళ్లతో కొలిచి
"కవరు పడుతుంది" అన్నాడు.

గొడుగిస్తానంటే నవ్వాడు.
గుమ్మం దాటుతూ
ఎడమ భుజం అలవాటుగా ఎగరేశాడు.
కోటు దాంతోపాటు లేచి
దాంతోపాటే దిగింది.

బల్ల మీద తీసేసిన దూదిపొర.
సూదులు గుచ్చుకోడానికి పనికొస్తుంది.