ముప్పై ఎనిమిది

నూరా పెళ్లి గురువారం.
అంతవరకూ ఆ వెండిరంగు హీల్స్ నా కాళ్లకే.
ఇద్దరిదీ ముప్పై ఎనిమిదో నంబరు.
సాల్మియాలో ఈ ఇంట్లో
మా ఇద్దరికీ కలిసిన కొలత అదొక్కటే.

మడమకి వాజిలీన్, లోపల తడి సాక్సు,
అడుగున టేపు. గీత పడితే మామా ఊరుకోదు.
రాత్రి పదకొండుకి, అంట్లయ్యాక,
వంటింటి పలకల మీద
టక్కు టక్కున తిరుగుతా.
కొత్త చెప్పు కరుస్తుంది.
కరవనీ,
గురువారానికి దాని పళ్లు అరగాలి.
విప్పాక, ముందు ఇరుకులో
అరబ్బీ పేపరు నలిపి కుక్కి
పెట్టెలో పడుకోబెడతా.

ఫోన్లో ఓబులమ్మక్క నవ్వింది:
"కరిచేదేమో నిన్ను, ఊరేగేదేమో ఆ పిల్ల!"

ఏమో. నిన్న మాత్రం
స్టూలు లేకుండానే
పై అరలో యాలకుల డబ్బా అందింది.
మూత తీసి
ఊరికే వాసన చూసి
పెట్టేశా.