అసలుకే ఎసరు

ఉలాన్‌బాతర్‌లో తెల్లారేసరికి మైనస్ ముప్పై.
కీ తిప్పిన మొదటి నిమిషం
కారు జ్వరమొచ్చిన దూడలా వణికిందంటే
బోనెట్ ఎత్తక్కర్లేదు నాకు.

నా పేరు గన్‌తొమొర్.
గన్ అంటే ఉక్కు, తొమొర్ అంటే ఇనుము.
ఏ ఒక్కటీ చాలదనుకున్నాడేమో మా నాన్న.
షెడ్డు నంబరు నలభై ఒకటి,
బొగ్గు పొయ్యి పక్కన లిఫ్టు, లిఫ్టు కింద నేను.

సెవెల్మా గారు ఒకప్పుడు లెక్కల టీచరు.
ఇప్పుడు ట్యాక్సీ.
పదహారేళ్ల ప్రియస్, జపాన్‌లో ఎవరెవరో తోలి వదిలేసింది,
స్టీరింగు ఇంకా అటువైపే.
"పది రోజులకో లీటరు కూలెంటు తాగుతోంది.
కింద చుక్క పడదు. మరి ఎక్కడికి పోతోంది?"
"లోపలికే."
రేడియేటర్ మూతి మీద గాజుగొట్టం పెట్టాను.
నీలం మందు చూస్తుండగానే పసుపైంది.
ఇంటిదొంగ దొరికాడు.

హెడ్డు దించాం.
రెండో సిలిండరుకీ మూడోదానికీ నడుమ
గ్యాస్కెట్ మీద నల్లటి గీత,
వెంట్రుకంత.
ఆ వెంట్రుకవాసి లోంచే
నిప్పు నీళ్లలోకి, నీళ్లు నిప్పులోకి
ఎన్నాళ్లుగానో రాకపోకలు.

బల్ల మీద రెండు పెట్టాను.
ఒకటి కంపెనీ డబ్బా, మెరిసే సీలు,
రెండు లక్షల ఎనభై వేల తుగ్రిక్కులు.
రెండోది పల్చటి ప్లాస్టిక్ కవరు,
ఎప్పుడూ వినని పేరు, డెబ్బై వేలు.
"అసలుదే వేయించుకోండి" అన్నాను.
ఎప్పుడూ అదే అంటాను.
మళ్లీ విప్పాల్సి వస్తే తిట్లు తినేది నేనే కదా.

ఆవిడ నవ్వింది.
"బ్యాంకు వాడూ ఇదే మాట.
మూడేళ్లుగా వడ్డీ కడుతున్నా, అసలు కదల్లేదు.
ఇప్పుడు ఈ అసలు కోసం ఇంకో అప్పా?"
థర్మాస్ విప్పి ఉప్పు టీ వంచింది, నాకో కప్పు.
టీ పొగ, ఇద్దరి నోటి పొగ కలిసిపోయాయి.
తర్వాత కళ్లద్దాలు పైకి తోసి
డబ్బా చేతిలోకి తీసుకుంది,
పిల్లల జవాబు పత్రం పట్టుకున్నట్టు.
"ఈ రెండు ఐదులూ ఒక్కలా లేవేం?"

చూశాను.
పార్టు నంబరులో ఒక ఐదుకి తోక వంకర.
గ్యాస్కెట్ బయటికి తీసి గోటితో గీరాను.
పూత పొలుసులా లేచొచ్చింది.
బోల్టు కంత అంచున వేలికి గుచ్చుకునే ముక్కు.
ఇరవై రెండేళ్ల అనుభవం
బల్లకేసి తల దించుకుంది.
చవకదాన్ని గీరాను. గోరే అరిగింది.
ఎవరి పేరూ దొంగిలించలేదది,
ముక్కూమొహం తెలియని తన పేరే అచ్చేసుకుంది.

"వెయ్యి," అంది.
"మిగిలే డబ్బుతో హెడ్డు చదును చేయించు,
బోల్టులు కొత్తవి కొను."
ఆ మాట నేను చెప్పాల్సింది.

స్కేలు ఆనించి చూస్తే హెడ్డు నడుమ వంపు నిజమే.
మిషను షాపులో రెండు రోజులు.
మూడో రోజు బోల్టులు నడుమ నుంచి బయటికి,
వరస తప్పకుండా,
ముందు బిగువు, ఆపైన పావు తిప్పు,
మళ్లీ ఒక పావు.
రెంచి మూలుగుతుంటే ఊపిరి బిగబట్టడం
ఈ వయసులోనూ పోలేదు నాకు.

"ఎన్ని చలికాలాలు?"
"రెండింటికి నాదీ పూచీ. మూడోది చెప్పలేను."
"మూడోదానికి నేనూ చెప్పలేను" అని
ఫోన్లో డబ్బు పంపి
కారు తిప్పుకుని వెళ్లిపోయింది.
వణుకు లేదు. తోకపైపు దగ్గర మాత్రం తెల్లటి ఆవిరి,
అది చలిదేనని
మలుపు తిరిగేదాకా నిలబడి చూసి నమ్మాను.

సాయంత్రం డబ్బా పట్టుకుని
చుల్తెమ్ కంటైనరు కొట్టుకి వెళ్లాను.
వాడు పొట్ట మీద చేతులు పెట్టుకుని
"అసలు, ఇది అసలు కాదని ఎవడన్నాడు?" అన్నాడు.
"లెక్కల టీచరు" అన్నాను.
బేరం చీకటి పడేదాకా సాగింది.
అసలులో సగం వచ్చింది.
వడ్డీ కింద ఒక సిగరెట్టు.