నాలుగున్నర తర్వాత

కారు టాపు మీద కాఫీ కప్పు పెట్టి మర్చిపోయి
పదకొండు కిలోమీటర్లు పోయిన దాన్ని నేను.
పెట్రోలు బంకులో ఆస్లాక్ దాన్ని పెరికి తీసి
"గడ్డకట్టింది టోరున్, నాకుతావా?" అన్నాడు.
అందరం నవ్వాం.

నవ్వు రానిది ఇంకోటుంది.
ఆ ఫిబ్రవరిలో అద్దానికి అంటుకున్న
మంచు రేకులు లెక్కపెడుతున్నాను.
ముప్పై రెండో రేకు వెనక
రెయిన్‌డీర్ నిలబడి ఉంది.
చెవి మీద కోత గుర్తు చూసి
ఆస్లాక్ వాళ్ల మందదని తెలుసుకున్నాను.
అతనేమీ అనలేదు.
ఆ వారమంతా కాఫీకి డబ్బులు తీసుకోలేదు.

నలభై మూడో ఏట డాక్టరు దానికో పేరు పెట్టాడు.
పొద్దున ఆరున్నరకు ఒక తెల్ల మాత్ర.
ఏడున్నరకల్లా
రోడ్డు ఉత్త రోడ్డవుతుంది.
అంతకుముందు రోడ్డంటే
రేడియో, హీటరు గురక,
మార్గిట్ అవ్వ కాలిపుండుకు కట్టు మార్చానా లేదా,
చిన్నప్పుడు చెప్పిన ఒక అబద్ధం,
అన్నీ ఒకే వరసలో హారన్ కొడుతూ.

వంటింట్లో ఫ్రిజ్ ఠక్కున ఆగితే
అంతసేపూ మోగిందని అప్పుడు తెలుస్తుందే,
అలాగ.

కానీ మాత్ర నాలుగున్నరకు పోతుంది,
చెప్పాపెట్టకుండా ఇల్లు ఖాళీ చేసిన అద్దెవాడిలా.
గోడల మీద మేకులు మాత్రం మిగులుతాయి.
డిసెంబరులో ఇక్కడ సూర్యుడే రాడు,
నాలుగున్నరంటే మాకు నడిరాత్రే.

ఏటా ఒక కాగితం మీద డాక్టరు సంతకం:
ఈమె కారు నడపవచ్చు.
ఏ గంట దాకానో అందులో ఉండదు.

అందుకే మా ఆఫీసులో గున్వోర్‌ని అడిగాను:
దూరపు ఇళ్లన్నీ నాకు పొద్దున వెయ్యి.
"బాగానే నడుపుతావుగా!" అంది.
బాగానే నడుపుతాను.
సాయంత్రం వచ్చేది ఇంకొకతె.
మంచిదే పాపం, నాకు ఇష్టమే.
తాళాలు మాత్రం ఇవ్వను.

ఇప్పుడు అయిదు గంటల బస్సులో
కిటికీకి తల ఆనించి కూర్చుంటాం, నేనూ ఆమే.
ఆమె మంచు రేకులు లెక్కపెట్టుకుంటుంది, ఎన్నయినా.
నిన్న డ్రైవరు మెల్లగా బ్రేకు నొక్కాడు.
రోడ్డు మధ్య అయిదు జతల కళ్లు.
తీరిగ్గా దాటాయి.
ఎవరో చూశారు, నేను కాదు,
గుండె మీద బరువు కాస్త జరిగింది.

ఆ తర్వాత మా స్టాపు దాటిపోయి
చర్చి దగ్గర దిగి
వెనక్కి నడిచాను,
కాఫీ కప్పు బస్సులోనే వదిలేసి.