ఆరో నిమిషం, పన్నెండో సెకను

ఆపడం నా ఉద్యోగం.
పదకొండేళ్లు అనంతపురంలో ఇంటర్ పిల్లలకి
ఊపిరి తీసుకోకుండా ఫిజిక్స్ చెప్పినవాణ్ణి,
"అర్థమైందా" అని అడిగి
జవాబు రాకముందే బోర్డు తుడిచేసినవాణ్ణి,
ఇప్పుడు బెంగుళూరులో, బొమ్మనహళ్లిలో, మూడో అంతస్తులో
ఎవరో చెప్పిన పాఠాన్ని ఎక్కడ ఆపాలో
గీత పెట్టి చూపించి జీతం తీసుకుంటున్నాను.

గీత దగ్గర బొమ్మ బిగుసుకుపోతుంది.
మేష్టారి నోరు సగం తెరుచుకుని అలాగే ఉండిపోతుంది.
ఓ ప్రశ్న. దానికింద ఖాళీ పెట్టె.
ఏదో ఒకటి రాస్తేనే ముందుకి.

"సార్, ఆపితే పారిపోతారు," అంటుంది భార్గవి హెగ్డే,
గ్రాఫు నా వైపు తిప్పి.
నిజమే. నేను గీత పెట్టిన ప్రతిచోటా
గ్రాఫు మెట్టు దిగి వెళ్లిపోతోంది.
మిగిలినవాళ్లు మాత్రం ఏం రాస్తారు?
"ఓకే." "హాయ్." "అఅఅఅఅ."
ఒకడు అన్ని ప్రశ్నలకీ ఒకే జవాబు రాశాడు:
"సార్ భోంచేశారా."
వాడంటే నాకిష్టం.

పైకి విసిరిన బంతి పాఠంలో
ఆరో నిమిషం పన్నెండో సెకను దగ్గర ఆపాను.
బంతి పై అంచున ఉంది.
ఇప్పుడు దీని వేగం సున్నా, మరి త్వరణం?
అందరూ పడే గుంట అది. ఏళ్ల తరబడి తవ్వి
నున్నగా చేసుకున్న గుంట.
సున్నా, సున్నా, సున్నా, అంటూ
రెండువేల మంది వరసగా పడ్డారు.

రాత్రి పదకొండున్నర దాటాక వచ్చిన ఒక జవాబుని
సాఫ్ట్‌వేరు ఎర్రగా కొట్టేసింది.
అందులో అంకె లేదు. అది వెతికే మాటా లేదు.
పేరు కుళ్లాయమ్మ. ఉండేది వర్తూరు.
మా జిల్లా పేరు కాబట్టి తెరిచాను, అబద్ధమెందుకు.

"సార్, ఆదివారం మా నాయన కిందనుంచి ఇటుక ఎగరేస్తాడు,
సారవ మీద నిలబడి నేను పట్టుకుంటా.
పైకొచ్చి నిలిచినప్పుడే పట్టుకోవల్ల,
అప్పుడైతే చెయ్యి నొయ్యదు.
రెప్పపాటు ఆలస్యమైతే పోతాది.
నిలిచింది అనుకుంటాం గానీ సార్
కిందికి లాగేది నిలవదు.
అదీ నిలిచింటే
ఇటుక ఆడనే ఉండిపోవల్ల గదా."

రెండుసార్లు చదివాను.
మూడోసారి చదవలేదు, కిటికీ దగ్గరికి పోయాను.
ఎదురుగా కడుతున్న బిల్డింగు, ఆకుపచ్చ వల.
ఏడాదిగా చూస్తున్నాను దాన్ని,
ఎండ అడ్డుకుంటోందని తప్ప
ఇంకేమీ అనుకోలేదు.

పదకొండేళ్లు. బెంచీకి ఐదుగురు.
నేను బోర్డు తుడిచేస్తుంటే
ఎంతమంది నోట్లో ఎన్ని ఇటుకలు
పై అంచుదాకా వచ్చి పడిపోయాయో.

వచ్చి కూర్చుని ఎరుపుని పచ్చ చేశాను.
వెంటనే నా తెర బిగుసుకుపోయింది.
ఒక పెట్టె. "మార్పుకి కారణం రాయండి."
రాయకపోతే ముందుకి పోనివ్వదు,
ఆ ఏర్పాటు నేనే అడిగి పెట్టించాను.

"నాకు అర్థమైంది," అని కొట్టాను.
"కనీసం అరవై అక్షరాలు," అంది.

భార్గవి టీకి పిలిచింది. వస్తానన్నాను.
కర్సరు కొట్టుకుంటోంది.
పరీక్షలో మొదటి ప్రశ్న దగ్గర పిల్లాడిలా
వేళ్లు విరుచుకుని మొదలుపెట్టాను:

వాళ్ల నాయన కిందనుంచి
ఇటుక ఎగరేస్తాడు...