పోటు పుస్తకం

రాత్రి రెండింటికి నీటిమట్టం ఒకటీ పాయింటు సున్నా నాలుగు.
రాశాను.
ఇనప ఖనిజం ధూళి పడి పుస్తకం అంచులు
పారాణి పెట్టినట్టున్నాయి.
ఇరవై మూడేళ్లుగా ఇదే పని నాది.
ఛానల్ ఒడ్డున గదిలో కూర్చుని
సముద్రం ఎంత లేచిందో ఎంత తగ్గిందో
గంటగంటకీ రాయడం.

శిక్షణకొచ్చిన నీలోఫర్ ఫోన్ పక్కన పెట్టి
"ఇంకో గ్రహం దొరికింది మేడమ్" అంది,
చెవిపోగు దొరికినంత మామూలుగా.
పేరు లేదు దానికి. అక్షరాలూ అంకెలూ,
మరపడవ మూతి మీద రాసే నంబరులాగ.

ఎలా దొరికిందిట?
ఒక చుక్క వెలుగు నూటికో వంతు తగ్గిందిట, పదమూడు గంటలసేపు.
ఏడాది తిరిగాక మళ్లీ అంతే తగ్గిందిట.

గుమ్మంలో బీడీ ఆర్పుతూ అర్జిల్లి దానయ్య నవ్వాడు.
"దానికేటమ్మా అంత సదువు?
దీపాల్లేని ఓడ రేతిరేళ ఇలాగే తెలుత్తాది.
అదగుపడదు. ఎనకాతల యారాడ దీపాలు
ఒకటొకటే ఆరి, మల్లీ ఎలుగుతాయి."

చుక్కకి మరీ దగ్గర కాదు, మరీ ఎడం కాదు,
నీళ్లు నీళ్లుగానే నిలవగల దూరం అంది నీలోఫర్.
"ఐతే వలేసుకోవచ్చు!"
"లేదు తాతా. అదంతా వాయువే.
దిగితే దిగుతూనే ఉంటాం.
మబ్బు కింద మబ్బు, దాని కింద బరువెక్కిన మబ్బు.
అడుగు తగలదు."

సీసపు గుండు వేసి లోతు చూసినవాడు దానయ్య, వయసులో.
చేతుల్లో లేని తాడుని బార తరవాత బార వదిలాడు,
ఏడు, ఎనిమిది, పద్నాలుగు...
తాడు అయిపోయినట్టు చేతులు ఆగాయి.
"గట్టు నేదా?"
"లేదు."
"మరి దూరం సరిపోయి ఏటి లాబం?"

బయటి లంగరులో తొమ్మిది రోజులుగా నిలబడ్డ ఓడలూ
మా ఊరికి సరైన దూరంలోనే ఉన్నాయి.
వాటి వంటవాళ్లు కొండల మీది చర్చినీ దర్గానీ గుడినీ
గరిట కడుగుతూ ఒక్క చూపులో చూస్తారు.
ఒక్క మెట్టూ ఎక్కరు.

మూడింటికి సున్నా పాయింటు తొంభై ఏడు.

"దానికో చందమామ ఉండొచ్చు మేడమ్.
ఎవరూ చూడలేదు. ఉంటే రాతి నేల ఉండొచ్చు,
నీళ్లు కూడా..."
దానయ్య లేచి నిలబడ్డాడు.
"నీళ్లుంటే పోటుంటాది. పోటుంటే గట్టుంటాది!"

అంత తేలిక కాదని చెప్పబోయాను.
ఆ చందమామ ఒక్క మొహమే గ్రహానికి చూపిస్తుంది.
దాని ఆకాశంలో గ్రహం లేవదు, వాలదు,
పెళ్లింట్లో పెద్ద మేనత్తలా ఒక్కచోటే కూర్చుంటుంది.
ఆ లాగుడికి సముద్రం ఒక పక్కకి పొంగి
పొంగినట్టే ఉండిపోతుంది.
నా పుస్తకంలో అయితే రోజూ ఒకటే అంకె.
నీళ్లని కాస్త కదిపేది సూర్యుడే,
ఇక్కడ చంద్రుడి పక్కన చిన్న వాటాదారు.
అక్కడ దినం పదకొండు రోజులనుకుంటే
పోటు ఐదున్నర రోజులకొకటి.

"ఐదున్నరే!
పోటు తిరిగేతలికి ఇంట్లో బియ్యమైపోతాయి."
అని కాసేపాగి,
"అక్కడా ఎవర్తో ఒకర్తి రాత్తాదేటి, నీలాగ?"

నాలుగింటికి ఎనభై ఎనిమిది. ఇంకా దిగుతోంది.
రేవు కింద నాచు పట్టిన మెట్టు ఒకటి బయటపడింది.
దానయ్య వెళ్లి దాని మీద నిలబడ్డాడు, ఊరికే,
రెండు పాదాలూ ఆనించి.

పుస్తకంలో చివరి గడి పేరు విశేషాలు.
తుఫాను రాత్రుల్లో తప్ప ఎప్పుడూ ఖాళీయే.
ఇవాళ అందులో
గట్టు కనబడింది
అని రాసి సంతకం పెట్టాను.
పైవాళ్లు అడుగుతారని నీలోఫర్ గొణిగింది.
అడగనీ.
ఐదింటి అంకె ఇంకా నీళ్లలోనే ఉంది.