చల్ల చెమట

ఫారంలో మొదటి గడి: లక్ష్యం.
ఇన్నేళ్లూ అక్కడ ఒకే వాక్యం రాశాను:
'రోగికి ఇన్సులిన్ మీద అవగాహన కలుగును.'
కలిగిందో లేదో ఎవరు చూశారు?
అందరూ తల ఊపుతారు.
గుంటూరు పెద్దాసుపత్రిలో తల ఊపడమంటే
'ఇంక పోవచ్చా సిస్టర్' అని.

ఇరవై రెండో మంచం, నాగుల్‌మీరా.
మిర్చి యార్డులో హమాలీ.
ముప్పై ఏళ్లుగా వీపు మీద తేజ రకం టిక్కీలు.
అతను చొక్కా విప్పి దులిపితే
ఇరవై మూడో మంచం తుమ్మింది.

పాత వాక్యం కొట్టేశాను.
'శుక్రవారం లోపల, తన చేత్తో,
నేను చూస్తుండగా
పద్నాలుగు గీతల మందు లాగును.'
ఇది జరుగుతుంది, లేదా జరగదు.
మధ్యలో తల ఊపడానికి చోటు లేదు.

రెండో గడి: బోధనా పద్ధతి.
కరపత్రం ఇచ్చాను.
జాన్‌బీ దాంట్లో వేయించిన శనగలు పొట్లం కట్టింది.
గోడ మీద బొమ్మ చూపించాను.
బొమ్మలో మనిషి పొట్టకి సూది పెట్టుకుని నవ్వుతున్నాడు.
"ఆడికి సుగరు లేదులే" అన్నాడు నాగుల్‌మీరా.

అంకెలు రావు, నిజమే.
"మరి కాటా?"
లేచి కూర్చున్నాడు.
"ముల్లు ఒక్క గీత అటు జరిగినా
నా వీపుకి తెలుస్తదమ్మా."

అక్కడ దొరికాడు.
ఎర్ర మూత సిరంజి అరచేతిలో పెట్టాను.
ఇదీ కాటానే. ఇదిగో పది, పెద్ద గీత.
దాని మీద నాలుగు చిన్నవి.
బుడగ కనపడితే అది తాలు,
వేలితో తట్టి ఏరెయ్యి.
బత్తాయికి పదకొండు సార్లు పొడిచాడు.
పన్నెండోసారి ఊపిరి బిగబట్టి
తన పొట్టకి.
గురువారమే.

ఫ్రిజ్ లేదు. కొత్త కుండ, తడి గుడ్డ, ఇసక:
అది జాన్‌బీ చెప్పింది, నేను రాసుకున్నాను.

చివరిది అప్పజెప్పాను, గడగడా:
"చెమట పట్టినా, చేతులు వణికినా
వెంటనే పంచదార నోట్లో వేసుకోవాలి."
నవ్వాడు. వార్డంతా వినపడేలా.
"నాకెప్పుడు పట్టదమ్మా చెమట?"

నా దగ్గర జవాబు లేదు.
ఆ వాక్యం రాసినవాళ్ల గదిలో
ఏసీ ఉండి ఉంటుంది.
స్టూలు లాక్కుని కూర్చున్నాను.
"అయితే నువ్వే చెప్పు."

చాలాసేపు ఫ్యాను వంక చూశాడు.
"పని చెమట ఏడిగా ఉంటది.
మూట దించి గాలికి నిలబడితే ఆరిపోద్ది.
మొన్న, మాత్రేసుకుని కూడు తినని రోజు,
టీ బడ్డీ కాడ ఊరికే నిలబడ్డా.
మెడెనక పట్టింది. చల్లగా.
తుడిస్తే మళ్లీ పట్టింది.
ఆ తర్వాత నేల కనపళ్లా."

ఫారంలో రాయబోయి ఆగాను.
గడి చిన్నది.
వెనక్కి తిప్పి, ఖాళీ వైపు,
అతని మాటలు అతని మాటల్లోనే రాశాను.

నెల తర్వాత వచ్చాడు,
జేబులో బెల్లం ముక్క,
పక్కన ఇంకో హమాలీ, ముక్కు చీదుకుంటూ.
"ఈడికీ చల్ల చెమట పడతందంట.
నేను చెప్పా. తల ఊపాడు.
నాకు నమ్మకం లేదు సిస్టర్,
ఓ బత్తాయి ఇయ్యి."